ఆటలాయనకు కుర్చీ లేదు

ఆటలాయన్ని ఆయన ఇంట్లోనే బల్ల దగ్గర్నుంచి గెంటేశారని పక్కింటావిడ అందట. ఇస్త్రీ బట్టలు తెచ్చినతను మూటైనా దించకుండా గుమ్మంలోనే నిలబడి ఆ కబురు విప్పాడు.

"సొంత ఇల్లు, సొంత బల్ల, సొంత ఆట. కూర్చోడానికి మాత్రం కుర్చీ లేదట. ఎవరో వచ్చి ఆడుకుంటారట, ఈయనేమో వంటింట్లో నోరు మూసుక్కూర్చోవాలట. ఆవిడే అందండీ, నా మాట కాదు."

ఆటలాయన భార్య చొక్కా కాలరు తిప్పి చూసుకుంటూ నవ్వింది.

"నిజమే అంది. ఇంకేమంది?"

"గుర్రం సంగతి కూడా అందండి."

ఆ గుర్రం సంగతి పాతది. ఒకసారి ఈ గోడ ఇవతల "గుర్రాన్ని అమ్మేద్దామా, కోసుకు తిందామా" అని నలుగురు గొంతులు చించుకుంటుంటే, పక్కింటావిడ పెరట్లోకి వచ్చి ఈ ఇంటి వెనకంతా తొంగిచూసింది. గుర్రం కనపడలేదు. కనపడకపోవడంతో అనుమానం ఇంకా ముదిరింది.

"అమ్మేశామని చెప్పు. మంచి ఇంటికే వెళ్ళింది," అందామె, చొక్కాలు లోపలికి తీసుకుపోతూ.

బతుకంతా ఇలాంటి మనిషితో కాపురం చేస్తే ఇంతకంటే మంచి జవాబు రాదు. ఆయన పని కథలాటలు తయారుచేయడం. బల్ల చుట్టూ నలుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, తక్కినవాళ్ళు తలా ఒక మనిషై ఆ కథలో తిరుగుతారు. ఎటూ తేలని చోట పాచిక వేస్తారు. గెలిచిన ఆనందం, ఓడిన ఏడుపూ అన్నీ నోటితోనే. బల్ల మీద చూస్తే కాగితాలూ పెన్సిళ్ళూ తప్ప ఏమీ ఉండవు. అదేం ఉద్యోగమని బంధువులు అడిగితే ఆమె మొదట్లో "ప్రెస్సులో పని" అని చెప్పేది. అది అబద్ధమూ కాదు. పగలు ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు, సాయంత్రం వచ్చి తన ఏట్లో తను మునిగేవాడు.

ఆ ఏటి ఆటే ఆయన పేరు నిలబెట్టింది. వరద వచ్చిన ఊరు. ఊళ్ళో వాళ్ళందరినీ ఒకే పడవలో, విడతలు విడతలుగా అవతలి ఒడ్డుకు చేర్చాలి. ఆటంతా అంతే. కత్తుల్లేవు, రాక్షసుల్లేరు. "ఏటి అవతల" అని పేరు పెట్టాడు. ఆ పుస్తకం మళ్ళీ వేస్తామని ఇన్నాళ్ళకు ఒక ప్రచురణ సంస్థ ముందుకొచ్చింది. వచ్చింది గానీ ఒక మెలిక పెట్టింది. మాస్టారు పక్కనుంటే ఆట బ్రహ్మాండంగా ఉంటుంది, పుస్తకం చదువుకుని ఆడితే చప్పగా ఉంటుందని జనం అంటున్నారట. కాబట్టి ఎప్పుడూ ఆడనివాళ్ళు పుస్తకం ఒక్కటే దగ్గర పెట్టుకుని ఆడాలి, మాస్టారు నోరు విప్పకూడదు. నడిస్తే అచ్చు, నడవకపోతే నమస్కారం.

ఆయనకు పుస్తకం అచ్చు కావడం కన్నా పెద్ద దిగులు ఇంకొకటుంది. గుండె డాక్టరు ఎక్కువ మాట్లాడొద్దన్నాడు. రెండు వాక్యాలు చెబితే ఆయాసం. ఇక ఏ బల్ల దగ్గరా తను కథ నడపలేడు. ఈ ఆట తను లేకుండా నడవకపోతే, తనతోనే సరి. ఆ మాట ఆయన పైకి అనలేదు. పొద్దున్నే లేచి, ఎవరూ అడక్కుండానే కుర్చీలన్నీ తడిగుడ్డతో తుడిచాడు. దాంతో ఆమెకు తెలిసిపోయింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వాళ్ళు వచ్చారు. ఎడిటరమ్మాయి, ఆమె పట్టుకొచ్చిన ఒక నర్సు, ఒక బస్సు డ్రైవరు, ఒక మంగలి. ముగ్గురికీ ఆటంటే ఏమిటో తెలియదు. అందుకే పట్టుకొచ్చింది.

"మాస్టారూ, మీరు దయచేసి వంటింట్లోకి..." అంది ఎడిటరమ్మాయి, మొహమాటంగా.

"వెళ్తున్నానమ్మా. దగ్గొచ్చినా దగ్గనా?"

"దగ్గొచ్చండీ. అర్థం వచ్చేట్టు దగ్గకూడదు."

"పిన్నిగారూ, మీరు కూడా!" అని ఎడిటరమ్మాయే లోపలికి కేకేసింది.

"నాకేం తెలుసమ్మా మీ ఆటలు," అందామె, చిక్కుళ్ళు ముందేసుకుని కూర్చుంటూ.

ఆయన పక్కనే పీట మీద కూర్చున్నాడు. కాస్త తెరిచిన తలుపు సందులోంచి బల్ల మూల ఒకటీ, డ్రైవరు మోచేయీ కనిపిస్తున్నాయి. ఆమె చిక్కుడుకాయ విరిచినప్పుడల్లా ఆ చప్పుడుకి ఆయన ఉలిక్కిపడి చూశాడు. ఆమె కాయలు ఒళ్ళో పెట్టుకుని, విరవడం మానేసి, ఈనెలు మాత్రం తీసింది.

ఈ బల్ల చుట్టూ ఎంతమంది కూర్చుని లేచారు! మొదట్లో ఇది బల్ల కూడా కాదు, రెండు పెట్టెల మీద పడుకోబెట్టిన పాత తలుపు. గొళ్ళెం ఉన్నచోట కప్పు పెడితే ఒరిగేది. కుర్చీలు చాలక పక్కింటి నుంచి తెచ్చేవాళ్ళు. అప్పుడు పక్కింటావిడ అత్తగారు ఉండేది. కుర్చీ అడిగితే కుర్చీతో పాటు తనూ వచ్చి కూర్చునేది. వరదలో కూడా తన కోళ్ళను వదిలి పడవెక్కనని మొండికేసేది. లేని కోళ్ళ కోసం టెలిఫోను ఆఫీసులో పనిచేసే పెద్దమనిషి ఒకాయన, మెడదాకా నీళ్ళలో వెనక్కి ఈదాడు. ఈదుతూ మునిగిపోయాడు. అవతలి వారం టీ తాగడానికి వచ్చినప్పుడు కూడా ఆయనలో ఆ కినుక పోలేదు. "మీ కోళ్ళు బాగున్నాయా?" అని అడిగి, మొహం తిప్పుకున్నాడు.

పాచికలు కొనాలని కూడా తెలియని రోజులవి. ప్రెస్సులో అక్షరాల మధ్య ఖాళీలు పూడ్చే చెక్కముక్కలుండేవి. పాతవి తెచ్చి, ఆరు పలకలుగా కోసి, గరుకు కాగితంతో అరగదీసి, చుక్కలు కాల్చి పెట్టాడు. ఆ పాచికలే వేసి వేసి, ప్రవాహం ఎంత జోరుగా ఉండాలో, తాడు ఎప్పుడు తెగాలో అన్నీ తేల్చాడు. వేసినప్పుడల్లా పెద్ద అంకెలే. "దీనికి ఆరంటే మోజండీ," అని ఆమె అంది కూడా. "అది నీ చెయ్యి మంచిదై," అన్నాడు మురిసిపోతూ. పుస్తకం అచ్చయింది. కొన్నవాళ్ళు బజార్లో దొరికే మామూలు పాచికలతో ఆడారు. ఊళ్ళకు ఊళ్ళు మునిగిపోయాయి. "అయ్యా, మీ ఏట్లో ఇప్పటిదాకా ఒక్కడూ ఒడ్డెక్కలేదు, తమరెలా ఎక్కారు?" అని ఒకాయన కార్డు రాశాడు. ఆ కార్డు చదువుతూ ఇద్దరూ నేల మీద పడి నవ్వారు. తర్వాత ఆయన బజారుకెళ్ళి గుప్పెడు పాచికలు కొనుక్కొచ్చి, ఏరు మొత్తం మొదటి నుంచి మళ్ళీ తవ్వాడు.

ఆ తర్వాత ఇంకో రెండు ఆటలు రాశాడు. ఎవరూ కొనలేదు. ఆ కట్టలు మంచం కింద చేరి, కుంటుతున్న మంచంకోడుకి ఆసరా అయ్యాయి.

"పడవ బయల్దేరింది. ప్రవాహం జోరుగా ఉంది. దాటాలంటే పాచిక వేయాలి," అని అవతల ఎడిటరమ్మాయి చదువుతోంది.

పాచిక దొర్లింది.

"నాలుగు."

"దాటింది. తర్వాత ఎవరు?"

"నేనేనా?" అన్నాడు మంగలి. "వేశా. రెండు."

"దాటలేదు. పడవలో ఒకరు మునిగారు."

"సరే," అన్నాడు మంగలి.

ఆ "సరే" వినగానే ఆయన కళ్ళు మూసుకున్నాడు. మనిషి మునిగిపోతే "సరే" అట! డ్రైవరు మోచేయి బల్ల మీంచి జారింది. ఆవలింత వినబడింది. మ్యాచ్ స్కోరెంతయిందో అని ఎవరో గొణిగారు. ఆయన భుజం మీది తువ్వాలు తీసి, కొస నోట్లో కుక్కుకున్నాడు.

"అలా నమలకండి, ఉతికింది కాదు," అంది ఆమె గుసగుసగా.

"చచ్చిందే," అన్నాడు, తువ్వాలు తీసి. "నా వల్ల కాదు. అన్నీ రాశాను. ఏం తక్కువైందో తెలియడం లేదు."

ఆమె చిక్కుళ్ళు పొయ్యి మీదేసింది. మంట తగ్గిస్తూ వింటోంది. ఇప్పుడు నర్సు వంతు. తాడు పట్టుకుని ఈది అవతలి ఒడ్డుకు చేరాలట. పాచిక గిలకరిస్తున్న చప్పుడు. ఆ చప్పుడు ఇన్నేళ్ళుగా ఆమె వీపుకు అలవాటు. చేతిలో గరిటె ఉన్నా, పిండి ఉన్నా, పిల్ల చంకలో ఉన్నా, ఆ గిలకరింపు వింటే ఆమె నోరు దానంతటదే తెరుచుకుంటుంది. తెరుచుకుంది.

"తప్పితే దెబ్బ ఎవరికి?" అని కేకేసింది.

అవతల పాచిక ఆగిపోయింది.

"అయ్యో, నేను మాట్లాడకూడదు కదూ," అని ఆమె నాలుక్కరుచుకుంది.

"దెబ్బ... నాకేనండీ," అంది నర్సు.

"నీకైతే ఏముందమ్మా, ఈదడం వచ్చినదానివి. ఆ తాడు నమ్ముకుని వెనక పడవలో ఉన్నదెవరు?"

"ఓయమ్మో!" అన్నాడు డ్రైవరు. "మా ముసలమ్మ ఉందండీ అందులో! ఆగు సిస్టరూ, వెయ్యకు!"

"నీ ముసలమ్మని ఎవరెక్కించమన్నారు?" అన్నాడు మంగలి.

"నువ్వే కదయ్యా, బరువు సరిపోతుందన్నావు!"

"నేనన్నది మేక గురించి!"

కుర్చీలు ముందుకు జరిగాయి. ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఎడిటరమ్మాయి వారించడం మర్చిపోయింది.

ఆయన ఆమెనే చూస్తున్నాడు. చూసే తీరుకి, చీరకు నిప్పంటుకుందేమోనని ఆమె కొంగు వెతుక్కుంది.

"ఇది పుస్తకంలో లేదే," అన్నాడు.

"ఏది?"

"నువ్వడిగేది. ఇన్నేళ్ళుగా పాచిక వేసినప్పుడల్లా వంటింట్లోంచి అడుగుతూనే ఉన్నావు. వాళ్ళు చెబుతూనే ఉన్నారు. ఆటంతా అందులోనే ఉంది. నేనెక్కడా రాయలేదు."

"రాయడానికేముంది అందులో? కూర దించావా అని అడగడం లాంటిది."

ఆయన నవ్వబోయాడు, ఆయాసం అడ్డొచ్చింది. కిటికీలో ఉన్న పెన్సిలు తీసుకుని, టీపొడి పొట్లం చింపి, దాని వెనక రాశాడు. పాచిక పట్టినవాళ్ళు కాక బల్ల దగ్గరున్న ఇంకొకరు, తప్పితే దెబ్బ ఎవరికని అడగాలి. జవాబు వచ్చేదాకా పాచిక చెయ్యి దాటకూడదు. రాసి, తలుపు సందులోంచి చెయ్యి మాత్రం చాపి అందించాడు. ఎడిటరమ్మాయి దాన్ని చదివి, పుస్తకంలో పెట్టుకుని, పైకి మళ్ళీ చదివింది.

"ఇప్పుడు నువ్వు కిక్కురుమన్నావో!" అన్నాడాయన, భార్య వైపు వేలు చూపించి.

ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది. అవతల మంగలి పాచిక తీశాడు. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు.

"తప్పితే దెబ్బ ఎవరికి?" అని డ్రైవరు గట్టిగా అడిగాడు.

మంగలి పడవలో వాళ్ళని ఒక్కొక్కరినీ పైకి లెక్కపెట్టాడు. "ఆ చంటిపిల్లకి," అన్నాడు చివరికి. పాచిక వెంటనే వెయ్యలేకపోయాడు.

ఆయన లేచాడు. పీట పక్కకు పెట్టి, వెనక వరండాలో ఉన్న పడక్కుర్చీలో వెళ్ళి కూర్చున్నాడు.

"వినరా?" అందామె.

"ఇక్కడికి వినిపిస్తోందిలే. కాస్త నడుం వాలుస్తాను. టీ పెట్టు, వాళ్ళకి కూడా."

ఆమె టీ పెట్టింది. బల్ల దగ్గరికి తీసుకెళ్తే ఎవరూ తలెత్తలేదు. కప్పు అందుకుంటూ నర్సు "తర్వాత పిన్నీ, తర్వాత" అంది, ఆమె ఏమీ అడక్కపోయినా. ఆమె నవ్వుకుంటూ ఆయన గ్లాసు పట్టుకుని వరండాలోకి వచ్చింది.

ఎండ ఆయన మోకాళ్ళ దాకా వచ్చింది. తల పక్కకు వాలి, నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. నిద్రలో ఆయన ఛాతీ ఎప్పుడూ పాత పంకాలా గురగుర చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు లేదు. ఆమె గ్లాసు కింద పెట్టి, చెయ్యి ముక్కు దగ్గర ఉంచింది. మణికట్టు పట్టుకుంది. ఛాతీ మీద చెవి ఆనించింది. అవతల ఏదో ఒడ్డెక్కింది. ఇల్లు ఎగిరిపోయేట్టు కేకలు. లోపల నర్సు ఉంది, పిలవాలి. పిలవడానికి కూడా ఏమీ మిగల్లేదని ఆమె చేతికి తెలుస్తోంది. చొక్కా పైగుండీ ఊడి ఉంటే పెట్టింది. ఆ పక్కనే, మెట్టు మీద కూర్చుంది.

లోపల పేచీ మొదలైంది. తాడు ఒకసారి తెగితే ముడేసి మళ్ళీ విసరొచ్చని డ్రైవరు, కుదరదని మంగలి. గొంతులు పెరిగాయి.

"మాస్టారూ!" అని డ్రైవరు అరిచాడు. "ఇక మీరు మాట్లాడొచ్చండీ, ఎడిటరమ్మ ఒప్పుకుంది! తెగిన తాడు మళ్ళీ వెయ్యొచ్చా లేదా? మీరే చెప్పాలి!"

"పుస్తకంలో చూసుకోండి," అందామె మెట్టు మీంచి. "ఆయన పోయారు."