ఎంగిలి పెన్నులు

కొమరోలు శ్రీకాంత్ నోట్లో బెల్లం, చంకలో కత్తి. ఆ సంగతి మార్కాపురంలో అందరికన్నా ముందు తెలియాల్సింది కాలేషాకి. అందరి తర్వాత తెలిసిందీ అతనికే.

కాలేషా ఐదో తరగతిలో బడి మానేసి నాయన పక్కన ఉలి పట్టినవాడు. లేతు మిషను మీద కొయ్య తిప్పి మంచం కోళ్లు, చపాతీ కర్రలు చేసి బతికేవాడు. కోళ్ల మంచాలు అడిగేవాళ్లు కరువైన రోజుల్లో, సరుకు చేయించి అమ్మే శ్రీకాంత్ వచ్చి దుకాణం ముందు కూర్చున్నాడు.

“మామా, కొయ్య పెన్నులు చెయ్యి. పైన దేవుడి గుర్తు పొదుగు. పరీక్షల ముందు పిల్లోళ్లు గుళ్లో, దర్గాలో, చర్చిలో పెన్నులు పెట్టించుకోని పోతారు గదా? గుర్తున్న పెన్నంటే ఎవరొద్దంటారు?”

కొత్త లేతు అతనే కొనిచ్చాడు. అందుకు బదులుగా కంభం రోడ్డు పక్కన కాలేషా దుకాణం, ఇల్లు ఉన్న జాగా మీద అమ్మకం అగ్రిమెంటు రాయించుకున్నాడు.

“ఊరికే మామా, ధైర్యానికి. పెన్నులు అమ్ముడైనంక చింపేస్తా.”

ఎవరి ధైర్యానికో కాలేషా అడగలేదు.

పని కుదిరింది. తుమ్మ చేవను సన్నగా తిప్పి, తీగ పట్టేంత గాడి తీసేవాడు. అటూ ఇటూ తెల్లటి తీగ, నడుమ రాగి తీగ పెడితే నామం. ఇత్తడి తీగ వంచితే నెలవంక, అడ్డంగా కొడితే శిలువ. పలకల గని నుంచి తెచ్చిన నల్లరాతి పొడిని జిగురులో కలిపి సందులు పూడ్చి, మళ్లీ ఒకసారి తిప్పి గుడ్డతో రుద్దితే, గుర్తు ఆ చెట్టులోనే పుట్టినట్టు ఉండేది.

గుర్తు నడుమ పెట్టమన్నాడు శ్రీకాంత్. కాలేషా ఒప్పుకోలేదు.

“చెమట చేతులు పట్టుకునే కాడ దేవుణ్ణి పెడతారా అబ్బాయా? నెత్తిన ఉండాల.”

అట్లా గుర్తు పెన్ను పైకొనకు ఎక్కింది. గిద్దలూరులో ట్యూషన్ సెంటరు నడిపే సారు తన పదో తరగతి పిల్లలందరికీ, ఎవరి గుర్తు వాళ్లకు, కొనిచ్చాడు. పక్క ఊళ్ల ట్యూషన్లవాళ్లు కూడా అడిగి తీసుకున్నారు.

ఒక పొద్దున విజయమ్మ అని, గిద్దలూరు అంగడిలో కూరగాయలమ్మే ఆమె బస్సు దిగి నేరుగా దుకాణానికి వచ్చింది. ఆమె చేతిలోని పెన్ను కొన చెరుకు పిప్పిలా నలిగిపోయి ఉంది.

“ఏందిది సాయిబూ? లెక్క తోచకుంటే పెన్ను కొరికేది పిల్లోళ్లకు అలవాటు. సరిగ్గా ఆడనే పెట్టినావా స్వామి నామాన్ని? నా కొడుకు దినామూ దేవుణ్ణి ఎంగిలి చేస్తా ఉండాడు. నువ్వెప్పుడూ బళ్లో కూచోలేదా?”

కాలేషా బళ్లో కూర్చోకపోలేదు. కూర్చున్న ఆ ఐదేళ్లూ బలపాలు కరకరా నమిలి మింగినవాడే. నాయన చేత తన్నులు తిన్నదీ వాటికే. పిల్లల పళ్లు ఏం చేస్తాయో, పలకలూ బలపాలూ తయారయ్యే మార్కాపురంలో పుట్టినవాడికి ఒకరు చెప్పాలా? గుర్తును నెత్తిన పెట్టాలనే ఆత్రంలో నోటి సంగతే మరిచిపోయాడు.

నామం పెన్నుల వెనకే శిలువవి వచ్చాయి. వాటి వెనకే నెలవంకవి. సంచులు సంచులుగా తిరిగొచ్చాయి. విరిచి పొయ్యిలో పెట్టలేడు, చెత్తలో పారేయలేడు, ఎంగిలివని తెలిసి అమ్మలేడు. నేల మీద పెట్టకూడదని బల్ల మీద, పెట్టె మీద, కిటికీ గూట్లో సర్దాడు. దాంతో దుకాణం వెనక వాళ్లుండే రేకుల గదిలో ఎటు కాళ్లు చాపినా ఏదో ఒక దేవుడు తగిలేవాడు. మొగుడూ పెళ్లాలు మోకాళ్లు ముడుచుకుని పడుకునేవాళ్లు.

శ్రీకాంత్ వచ్చి సంచులు చూసి నవ్వాడు.

“దీనికింత ఏడుపేంది మామా? లేతుకెక్కించి కొన గీకెయ్యి. ఉత్త పెన్నులని ఒంగోలులో దింపుతా. కాదంటావా, అగ్రిమెంటు ఉండనే ఉంది. సోమవారం రిజిస్టరాఫీసుకు పోదాం.”

కాలేషా నామం పెన్ను ఒకటి లేతుకెక్కించి స్విచ్చి వేశాడు. గిర్రున తిరుగుతుంటే మూడు గీతలూ కలిసిపోయాయి. ఉలి దగ్గరికి తీసుకుపోయాడు. కాళ్ల కింద నిన్నటి పొట్టు మెత్తగా తగిలింది.

గడపలోంచి భార్య ఖాతూన్బీ అంది: “ఆ పొట్టు నా పొయ్యిలోకే గదా వచ్చేది? నేను ఊడవను. ఇప్పుడే చెప్తా ఉండా.”

స్విచ్చి ఆపేశాడు. నామం తీసి నెలవంక ఎక్కించాడు. దానికీ చెయ్యి రాలేదు.

“ఒక పని చెయ్యి అబ్బాయా. నీ స్వామిది నువ్వు గీకు. నువ్వొక్కటి గీకినావంటే తక్కినవన్నీ నేను గీకుతా.”

“ఇదో పెద్ద పనా?” అంటూ శ్రీకాంత్ చెప్పులు గడప బయట విడిచాడు. వాటిని ఎందుకు విడిచాడో అతనికే తెలియదు. కాలేషా మాత్రం చూశాడు. మళ్లీ నామం పెన్ను ఎక్కించి, ఉలి అతని చేతికిచ్చాడు.

లేతు తిరిగింది. ఉలి జానెడు దూరంలో ఆగిపోయింది.

“నాకు ఉలి పట్టేది రాదు మామా.”

“పట్టేదేముంది? ఆనిస్తే అదే గీకుతుంది.”

“నా చేత్తోనా?”

“మరి నా చేత్తో ఎట్ల గీకమంటివి? సాయిబు నామం గీకుతుండాడని ఎవడన్నా ఫోన్లో వీడియో పట్టుకుంటే, నువ్వొస్తావా అడ్డం?”

శ్రీకాంత్ ఉలి బల్ల మీద పెట్టాడు. బయటికి పోయి చెప్పులేసుకున్నాక గొంతు మళ్లీ గట్టిపడింది.

“అయన్నీ నాకు చెప్పొద్దు. సోమవారం.”

ఆదివారం కాలేషా, ఖాతూన్బీ సంచులన్నీ ఆటోలో వేసుకుని కంభం చెరువుకు పోయారు. చినిగిన ఖురాన్ కాగితాలను నీళ్లలో కలిపినట్టే వాటినీ కలపాలనుకున్నారు. కొయ్య తేలుతుందని ఒక్కో సంచిలో విరిగిన పలక ముక్కలు వేసి మూతి కట్టారు. నామాలు, శిలువలు, నెలవంకలు బుడగలు వదులుతూ మునిగాయి.

సోమవారం రిజిస్టరాఫీసు వరండాలో శ్రీకాంత్ చొక్కా జేబులో నామం పెన్ను ఒకటి కనిపించింది. పంటిగాటు లేని కొన నున్నగా మెరుస్తోంది.

“అదీ ఇయ్యి. దాన్నీ నీళ్లలో కలుపుతా” అన్నాడు కాలేషా.

శ్రీకాంత్ జేబు మీద అరచెయ్యి పెట్టుకున్నాడు. “ఇది నాది మామా. నేను కొరకను.”

లోపలికి పిలిచారు. అమ్మకం కాగితం మీద కాలేషా వేలిముద్ర వేశాడు. కంభం రోడ్డు పక్కన, ముందు దుకాణంతో, వెనక రేకుల ఇంటితో, రెండున్నర సెంట్లు.