గున్న పెడలు మీది చెక్కదిమ్మ

డ్రైవరక్కకు కోపం రావడం కొత్త కాదు. ముక్కు మీదే ఉంటుంది, తుమ్మితే రాలి పడుతుందని కట్టుకున్న మొగుడు, ఆ దర్జీయే అంటాడు. కానీ ఆ రోజు వచ్చింది మామూలు కోపం కాదు. అరికాలి మంట నెత్తికెక్కడం అంటారే, అది. ఎందుకెక్కదు చెప్పండి. ఆయిలు కారుతోంది, కాస్త సీలు మార్చి ఇవ్వరా అని చలికాలం మొదట్లో తమ్ముడి షెడ్డుకు పంపిన ట్రాక్టరు, చలి పోయి, వాన పడి, నేల పదునెక్కినా ఇల్లు చేరలేదు. అడిగినప్పుడల్లా రేపంటాడు, ఎల్లుండంటాడు, ఇంకొక్క కోటింగక్కా అంటాడు. ఆయిలు సీలుకి కోటింగేమిటో ఆ పెయింటరు తమ్ముడికే తెలియాలి.

ఆ ట్రాక్టరు పేరు గున్న. పొలాల్లో తిరిగే పెద్ద ట్రాక్టరు పక్కన నిలబెడితే ఏనుగు పక్కన గున్న ఏనుగులా ఉంటుంది కాబట్టి ఆ పేరు. తోటపనికని చేసిన బుల్లి బండి. వయసులో మాత్రం డ్రైవరక్క కంటే పెద్దది. చేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది, ఇది మాత్రం మూతబడలేదు. ఏడాది పొడుగునా వేషాలు మారుస్తూనే ఉంటుంది. వానలకు నాగలి తగిలిస్తే ఇంటి వెనక కూరగాయల మడులన్నీ దున్నిపెడుతుంది. గడ్డి ఏపుగా పెరిగినప్పుడు కడుపు కింద బ్లేడు కడితే వీధి వీధంతా నున్నగా కోసేస్తుంది. ఆకులు రాలే రోజుల్లో ట్రాలీ లాగుతుంది. చలికాలంలో షెడ్డులో పడుకుంటే, డ్రైవరక్క పక్కన పీట వేసుకుని దాని కార్బురేటరు విప్పి, కడిగి, నాలుగు తిట్లు తిట్టి మళ్లీ బిగిస్తుంది. ఆ తిట్లు వినడానికే అది చెడిపోతుందేమోనని దర్జీకి అనుమానం.

ఒకప్పుడు ఆమె సిటీబస్సు నడిపేది. డిపోలో బండ్ల కింద పనిచేసే గోతిలో జారిపడి ఎడమకాలు విరిగింది. అతకడం అతికింది గానీ, నాలుగు వేళ్ల మేర పొట్టిదై అతికింది. ఇక బస్సు క్లచ్చు అందదన్నారు. టికెట్ల కౌంటరులో కుర్చీ ఇస్తాం, రమ్మన్నారు. ఆ కుర్చీకి చక్రాలున్నాయా అని అడిగి, లేవంటే లేచి ఇంటికొచ్చేసింది. గున్న క్లచ్చు కూడా ఎడమవైపే. అదీ అందలేదు. ఏడాది పాటు గున్న షెడ్డులో, ఆమె ఇంట్లో, ఇద్దరూ తుప్పు పట్టారు.

అప్పుడు ఈ తమ్ముడే, అప్పుడప్పుడే పెయింటు పనిలో చేరినవాడు, ఎక్కడో పడగొట్టిన గుమ్మం చెక్కలోంచి ఒక దిమ్మ కోసుకొచ్చాడు. పెడలు మీద పెట్టి, ఆమె పాదం దాని మీద ఆనించి, కింద మోకాళ్ల మీద కూర్చుని తల పైకెత్తి అడిగాడు. "అందిందా అక్కా?"

అందలేదు. ఇంకో దిమ్మ కోశాడు. "అందిందా?" అంటూ మళ్లీ తల పైకెత్తాడు. చివరికి అందాక, దాన్ని ఆమె మడమకు సరిపోయేలా చెక్కి, కాలు జారకుండా ఎర్రగా కాల్చిన కడ్డీతో గాట్లు పెట్టి, రెండు బోల్టులతో బిగించాడు. ఒక బోల్టు వంకరగా దిగింది. దిగితే దిగింది, ఎవడికి నష్టం. ఆ సాయంత్రం ఆమె గున్నెక్కి వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చింది. వీధి వీధంతా బయటికొచ్చి చూసింది. మళ్లీ డ్రైవరక్క అయింది.

అలాంటి గున్న కోసం ఆమె కుంటుకుంటూ తమ్ముడి షెడ్డుకు వెళ్లింది. తమ్ముడు పెళ్లికూతురి మొహం మీది మేలిముసుగు తీసినట్టు, దాని మీది దుప్పటి మెల్లగా లాగాడు. లోపల నిమ్మపండు రంగులో నిగనిగలాడుతూ ఒక బండి ఉంది. అది గున్నేనని పోల్చుకోవడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది.

"ఫ్యాక్టరీలోంచి వచ్చినప్పుడు ఇదే రంగక్కా. ఎంత వెతికితే తెలిసిందో. వచ్చే ఆదివారం పాత ట్రాక్టర్ల సంఘం వాళ్ల ప్రదర్శన ఉంది. మొదటి బహుమతి మనదే, రాసిపెట్టుకో."

"సీలు మార్చావా?"

"ఆ, అదెప్పుడో మార్చాను. ఆ మడ్‌గార్డులో నీ మొహం చూసుకో ఒకసారి."

"నా మొహం నాకు తెలుసు గానీ, తలుపు తియ్యి. నేల పదును మీదుంది. ఇవాళ దున్నకపోతే రేపు గట్టిపడుతుంది."

"మట్టిలోకా?" అన్నాడు తమ్ముడు, బిడ్డను బావిలో వెయ్యమన్నట్టు.

ఆమె బండెక్కి కూర్చుంది. ఎడమకాలు అలవాటుగా కిందికి చాపింది. పాదం గాలిలో ఊగింది. ఇంకొంచెం జరిగింది, సీటు అంచుకు వచ్చింది. అయినా కింద ఏమీ తగల్లేదు. వంగి చూస్తే పెడలు నున్నగా, పచ్చగా, బోసిగా ఉంది.

"దిమ్మేదిరా?"

"ఆ మొద్దా? అది ఫ్యాక్టరీది కాదు కదక్కా. తర్వాత తగిలించినవి ఒక్కటున్నా సంఘం వాళ్లు ఒప్పుకోరు. పీకేశాను. కన్నాలు కూడా వెల్డింగుతో పూడ్చి సాపు చేశాను. ఎక్కడుండేవో నువ్వు కూడా చెప్పలేవు."

ఆ దిమ్మ ఎవరి చేతి పనో వీడికి ఇప్పుడైనా గుర్తొస్తుందేమోనని ఆమె తమ్ముడి మొహంలోకి చూసింది. తమ్ముడు చేతిరుమాలుతో హెడ్‌లైటు తుడుస్తున్నాడు.

"మరి నేనెలా నడపను?"

"నువ్వెందుకక్కా నడపడం, ఈ వయసులో. ఇది ఇంక మట్టిలో దిగే బండి కాదు, ప్రదర్శనల్లో పెట్టేది. నీకు బటన్ నొక్కితే నడిచే కొత్తది చూద్దాంలే."

విన్నారా ఆ మాట. బండి ఆమెది. కాలు ఆమెది. తోట ఆమెది. ఎవరు నడపాలో, ఎప్పుడు మానాలో చెప్పేది మాత్రం ఈ రంగుల రాయుడు. చేతికందిన పానా తీసి ఆ మడ్‌గార్డు మీద ఒక్కటిద్దామనిపించింది ఆమెకు. ఇవ్వలేదు. గున్న మీద చెయ్యి చేసుకోవడం ఆమెకు చేతకాదు. దిగి బయటికొస్తుంటే తలుపు పక్కన పొయ్యిలోకని పెట్టిన చెక్కముక్కల బుట్ట కనిపించింది. అందులో అన్నిటికంటే అడుగున గాట్లున్న దిమ్మ. తీసి సంచిలో వేసుకుంది.

ఇంటికొచ్చి దర్జీ మీద విరుచుకుపడింది. పాపం ఆయన చేసిందేమీ లేదు, ప్రదర్శన కోసమని బావమరిదికి తెల్లచొక్కా కుడుతున్నాడంతే.

"పోనీలేవే," అన్నాడు దర్జీ. "ఒక్క ఆదివారం. వాడి ముచ్చటేదో తీరనీ."

"నువ్వు కుట్టిన కోటుకి చేతులు రెండూ కత్తిరించి, బీరువాలో ఇలాగే బాగుందంటే ఊరుకుంటావా?"

దర్జీ సూది ఆపి ఆలోచించాడు. "ఊరుకోను," అన్నాడు.

"మరి నోరు మూసుకో. ఆదివారం నేనూ వస్తాను. అక్కడి నుంచి గున్న నా తోటలోకే రావాలి. నేనే తోలుకురావాలి. ఇందులో మార్పు లేదు."

ఆదివారం మైదానమంతా బురద. రాత్రి మళ్లీ ఒక జల్లు పడింది. పాత ట్రాక్టర్లన్నీ పరిచిన టార్పాలిన్ పట్టాల మీద, చక్రాలకు బురద అంటకుండా వరసగా నిలబడ్డాయి. మట్టి కోసం పుట్టిన బండ్లు మట్టిని చూసి అంతగా జడుసుకోవడం డ్రైవరక్క ఎక్కడా చూడలేదు. సంఘం అధ్యక్షుడు చేతిలో భూతద్దంతో ఒక్కో బండి చుట్టూ తిరుగుతున్నాడు. ఆయన్ని అందరూ వెనకాల భూతద్దం అనే పిలుస్తారట. గున్న దగ్గర ఆయన చాలాసేపు ఆగాడు. వంగాడు, లేచాడు, మళ్లీ వంగాడు.

"ఒక్క గీత లేదయ్యా," అన్నాడు భూతద్దం. తమ్ముడు తెల్లచొక్కాలో ఉబ్బిపోయాడు.

పక్కన ఒక బోర్డు మీద తమ్ముడు ఫొటోలు అంటించాడు. బాగుచేయక ముందు, చేశాక. భూతద్దం వాటిలో ఒకదాని మీద వేలు పెట్టాడు. అది పెడలు ఫొటో, దిమ్మతో సహా.

"ఈ ఘనకార్యం ఎవరిదో," అన్నాడు. "మొరటు పని. బోల్టు కూడా వంకర."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఎద్దు పుండు కాకికి నొప్పా మరి. అందరికంటే పైకి వినిపించింది తమ్ముడి నవ్వే.

"ఎవడో పని రానివాడు చేసుంటాడండి," అన్నాడు.

"ఇతనేనండి ఆ పని రానివాడు," అంది డ్రైవరక్క.

నవ్వు ఆగిపోయింది. తమ్ముడి మొహం కందగడ్డలా అయింది. ఆమె చెయ్యి పట్టుకుని బోర్డు వెనక్కి లాక్కెళ్లాడు. "అందరి ముందూ ఎందుకక్కా."

"నువ్వు మరిచిపోయావనుకున్నాను."

"మరిచిపోవడమా?" తమ్ముడు గొంతు తగ్గించాడు. "నా చేతి మొదటి పని అది. ఆ వంకర బోల్టు ఎప్పుడు చూసినా తల కొట్టేసినట్టుండేది. అందుకే బండి షెడ్డులోకి రాగానే ముందు దాన్నే పీకాను."

మరిచిపోయి ఉంటే పోనీలెమ్మని ఊరుకునేదేమో. మనిషన్నాక మరుపు ఉంటుంది. వీడు మరవలేదు. అన్నీ గుర్తుంచుకుని, ఆ దిమ్మ మీద ఇన్నేళ్లూ ఎవరి కాలుందో తెలిసీ, పొయ్యి బుట్టలో పారేశాడు.

"వంకరగా ఉందని నేనెప్పుడైనా అన్నానా?"

"లేదు."

"కాలు జారుతోందన్నానా?"

"లేదక్కా."

"నీ సిగ్గు దాచుకోవడానికి నా కాలు తీసేశావురా."

ఆమె గట్టిగా అనలేదు. అరిచి ఉంటే తమ్ముడు కూడా అరిచేవాడు. అరవకపోయేసరికి ఎటు చూడాలో తెలియక బురదకేసి చూశాడు.

అంతలో మైకులో పిలిచారు. మొదటి బహుమతి గున్నకే. సంఘం పద్ధతి ఏమిటంటే గెలిచిన బండిని నడుపుకుంటూ మైదానం చుట్టూ ఒక్క చుట్టు తిరిగొచ్చి బహుమతి అందుకోవాలి. తమ్ముడు వెళ్లి ఎక్కాడు. సీటు తుడుచుకుని మరీ కూర్చున్నాడు. తాళం తిప్పాడు. గున్న పలకలేదు. మళ్లీ తిప్పాడు. మూలగనైనా లేదు. దీపం కూడా వెలగలేదు. చివరి కోటింగు వేశాక దాన్ని నడిపి చూసిన పాపాన పోలేదు, పాలిష్ చెదురుతుందని తోసుకుంటూ లారీ ఎక్కించాడు. పైన పటారం, లోన లొటారం.

డ్రైవరక్క నిలబడ్డ చోటు నుంచే సంగతి కనిపెట్టింది. బ్యాటరీ నుంచి వచ్చే నల్ల వైరు బండి ఇనుముని తాకుతూ ఉండాలి. తాకితేనే కరెంటు పారుతుంది. ఇక్కడ ఆ వైరు బిగించిన చోట ఇనుమన్నదే లేదు, మందంగా పచ్చటి రంగుంది. బోల్టు విప్పి, కింద కూడా శుభ్రంగా పూసి, మళ్లీ బిగించాడు. మెకానిక్కయితే చచ్చినా చెయ్యడీ పని. ఇనుము ముక్క బోసిగా కనిపిస్తే చెయ్యి దురద పెట్టే పెయింటరే చేస్తాడు. చాకు మొనతో గోరంత గీకితే చాలు, గున్న లేస్తుంది.

తమ్ముడు చెమటలు కక్కుతూ ఆమె దగ్గరకు వచ్చాడు. "అక్కా, ఏమైందో ఒకసారి చూడు."

"చూశాను. ఏమైందో తెలుసు."

"చెప్పు మరి. అందరూ చూస్తున్నారు."

ఆమె సంచిలోంచి దిమ్మ తీసి అతని చేతిలో పెట్టింది. "ముందు ఇది బిగించు. తర్వాత చెప్తాను."

తమ్ముడు దిమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు. పొయ్యి పాలైందనుకున్నది ఇలా తిరిగొస్తుందని కల కన్నాడా ఏమిటి.

"అది తగిలిస్తే బహుమతి లేనట్టే," అన్నాడు భూతద్దం. "పెడలుకి కన్నం పెట్టినా లేనట్టే. నియమం నియమమే. కావాలంటే ఆ రిపేరేదో చూసుకుని రండి, కాసేపు ఆగుతాం."

తమ్ముడు బహుమతి బల్లకేసి చూశాడు. అక్క ఎడమకాలికేసి చూశాడు. ఆమె మాత్రం మొహం తిప్పుకోలేదు, ఒక్క మాట కలిపి సాయపడనూ లేదు. వాడికి వాడే తేల్చుకోవాలి.

"మీ దగ్గర డ్రిల్లు ఉందాండీ?" అని అడిగాడు తమ్ముడు, భూతద్దాన్నే.

డ్రిల్లు వచ్చింది. దిమ్మలోని పాత కన్నాలే గుర్తుగా పెట్టుకుని తమ్ముడు పెడలుకి కన్నాలు పెడుతుంటే నిమ్మపండు రంగు పొట్టు బురదలో రాలింది. ఎవరో అయ్యయ్యో అన్నారు. దర్జీ కూడా అన్నాడు, ఆయన బాధ చొక్కా గురించి. తమ్ముడు మోకాళ్ల దాకా బురదలో దిగబడి ఉన్నాడు, మోచేతుల దాకా ఎప్పుడో అంటింది.

డ్రైవరక్క గున్నెక్కి కూర్చుంది. ఎడమకాలు చాపింది. మడమ వెళ్లి గాట్లలో కుదురుకుంది, ఎప్పటి చోటే. తొక్కితే పెడలు అడుగుదాకా దిగింది. వైరు కింద గోరంత గీకడం ఎంతసేపు, తోట దున్నడానికి ఇంకా వెలుతురు మిగులుతుంది.

కింద నుంచి తమ్ముడు పానా పట్టుకుని తల పైకెత్తాడు. చుట్టూ సంఘం వాళ్లందరూ నిలబడి చూస్తున్నారు.

"అందిందా అక్కా?"

"అందలేదు," అంది డ్రైవరక్క. "విప్పి మళ్లీ బిగించు."