ఊరుకోబెట్టే చేతులు

ఏడ్చే పిల్లని ఊరుకోబెట్టడంలో తనని మించినవాళ్ళు లేరని జోజమ్మ చెప్పుకునేది. గొప్పలకి పోయి కాదు, నిజంగానే లేరు. బట్టల ఫ్యాక్టరీ పక్కనున్న క్రెష్‌లో సగం జీవితం ఆయాగా పనిచేసింది. లోపల మిషన్ల ముందు తల్లులు కుడుతుంటే, బయట వాళ్ళ పిల్లలంతా ఈమె భుజం మీద నిద్రపోయారు. జోకొట్టీ కొట్టీ జోజమ్మ అయిపోయింది, అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. పిల్లని ఎడమ భుజాన వేసుకుని, వీపు మీద అరచేత్తో నెమ్మదిగా తడుతూ, నోరు తెరవకుండా సన్నగా ఒక రాగం తీసేది. ఎంత మొండిఘటమైనా దిగిరావలసిందే. పని మానేశాక కూడా వీధిలో ఏ పసిపిల్ల గుక్కపట్టినా ఆమెకి కబురొచ్చేది. వచ్చినవాళ్ళ ముందు కాస్త బెట్టు చేసేది గానీ, కాళ్ళకి చెప్పులు అప్పటికే ఉండేవి.

ఆమెకి లొంగనిది ఒక్కటే, మొగుడి గురక. అది తన ఖర్మ అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకుని ఏడ్చేది. ఆయన వినీ విననట్టు పేపరు తిప్పుకునేవాడు. గురక పెట్టేవాళ్ళకి తమ గురక ఎలాగూ వినపడదు కదా, ఆయనకేం బాధ.

కూతురికి పెళ్ళయిన చాలా ఏళ్ళకి కడుపు పండింది. ఆడపిల్ల పుట్టింది. నర్సు తెల్లటి గుడ్డలో చుట్టి తెచ్చేసరికి పిల్ల ముఖం కందగడ్డలా చేసుకుని వార్డంతా మారుమోగేలా ఏడుస్తోంది. పక్క మంచాల బాలింతలు ఇటే చూస్తున్నారు. జోజమ్మ ముందుకొచ్చి, ఇలా ఇమ్మని చేతులు చాపింది. నాలుగు తట్లు తట్టిందో లేదో పిల్ల నోరు మూసింది. అల్లుడు ఔరా అన్నట్టు చూశాడు. కూతురు అలసటలోనే నవ్వింది. మా అమ్మంటే ఏమనుకున్నారు అన్న గర్వం ఆ నవ్వులో ఉంది.

ఆ గర్వం ఎంతోసేపు నిలవలేదు. ఉయ్యాల తుడుస్తున్న నర్సు అటు తిరిగి, ఒక్క అంగలో వచ్చి పిల్లని లాక్కుంది. పిల్ల పెదవులు సిరా పూసినట్టు నీలంగా ఉన్నాయి. వీపు రుద్దగానే పిల్ల కెవ్వుమంది, చూస్తుండగానే రంగు తిరిగింది. గొంతులో ఉమ్మనీరు ఏమైనా మిగిలిందేమోనని శుభ్రం చేశారు. కాసేపటికి మళ్ళీ ఏడుపు, మళ్ళీ జోజమ్మ ఊరుకోబెట్టడం, మళ్ళీ నీలం. మూడోసారి కూడా అంతే అయ్యాక జోజమ్మ పిల్లని మంచం మీద పడుకోబెట్టి రెండడుగులు వెనక్కి వేసింది.  కూతురు పిల్లని గోడవైపుకి జరుపుకుంది. జోజమ్మ అది చూసింది. తిట్టినా అంత బాధపడేది కాదు.

పిల్లల డాక్టరు వచ్చింది. జుట్టు ఎగదువ్వి క్లిప్పు పెట్టుకున్న చిన్నమనిషి, కళ్ళ కింద నిద్రలేని చారలు. గుండె విని, అంతా చూసి ఒకటే అడిగింది.

"నీలంగా ఎప్పుడవుతోంది? ఏడ్చినప్పుడా, ఊరుకున్నప్పుడా?"

అందరి చూపులూ జోజమ్మ మీదకి తిరిగాయి. ఆమెకి భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. అయినా దాచే విషయమా ఇది.

"నేను ఊరుకోబెట్టినప్పుడల్లా అవుతోంది డాక్టరమ్మా. ఏడుస్తుంటే బాగానే ఉంటోంది. నా చేతుల్లోనే ఏదో పాడుంది."

డాక్టరు ఆ చివరి మాట పట్టించుకోలేదు. సన్నని మెత్తటి గొట్టం తెప్పించి పిల్ల ముక్కులో ఒకవైపు పెట్టి తోసింది. కొంచెం వెళ్ళి ఆగిపోయింది. రెండోవైపూ ఆగిపోయింది. వెంటనే పిల్ల నోట్లో చిన్న వంకర గొట్టం పెట్టి ప్లాస్టరు వేయించింది. పిల్ల నోటితో గాలి తీసుకుంటూ, నీలం కాకుండా, మొదటిసారి నిమ్మళంగా ఊరుకుంది. ప్రస్తుతానికి గండం గడిచిందనీ, ముక్కుకి ఆపరేషన్ చెయ్యాలనీ, అందాకా ఈ గొట్టమే దాని ప్రాణమనీ డాక్టరు చెప్పింది.

నేనేం తిన్నాను, ఏం చేశాను అని కూతురు ఏడవడం మొదలుపెట్టింది. డాక్టరు మంచం అంచున కూర్చుని ట్రాలీ మీది దూది ఉండ చేతిలోకి తీసుకుంది. కడుపులో బిడ్డకి మొదట ముఖమే ఉండదని చెప్పింది. మెడా ఉండదు, తల గుండె మీదకి వాలి ఉంటుంది. మెడ రావలసిన చోట మడతలు మడతలుగా ఉన్నదాంట్లోంచి దవడ వస్తుంది. చెవులు మెడ దగ్గర పుట్టి పైకి చేరతాయి. కళ్ళు రెండూ చెరో పక్కనుంచీ ముందుకొస్తాయి. పైపెదవి ఇటో ముక్క, అటో ముక్క, మధ్యలో ముక్క వచ్చి అతుక్కుంటుంది. ఇక ముక్కు అంటారా, మొదట రెండు గుంటలే. ఆమె దూదిలోకి రెండు వేళ్ళు గుచ్చింది. ఆ గుంటలు అలా లోపలికి తొలుచుకుంటూ పోతాయి, చివర ఒక పలచని పొర అడ్డం ఉంటుంది, అది సమయానికి చిరిగిపోతే గొంతులోకి దారి పడుతుంది. ఈ పిల్లకి చిరగలేదు. పసిపిల్లలకి ఊపిరి ముక్కుతోనే గాని నోటితో తీసుకోవడం రాదు, నోరు తెరిచేది ఏడ్చినప్పుడే. అందుకే ఏడుపే దీన్ని బతికించింది.

"ఇదంతా రెండో నెలలో జరిగే పని. అప్పటికి నీకు కడుపే కనపడి ఉండదు. నువ్వు చేసింది ఏమీ లేదమ్మా," అంది కూతురితో.

జోజమ్మ ముక్కున వేలేసుకుంది. ఆ వేలికి తన ఊపిరి వెచ్చగా తగిలింది. ఇన్నేళ్ళుగా వస్తూ పోతూ ఉన్న గాలే. ఒక్కనాడైనా దాని గురించి ఆలోచించిన పాపాన పోలేదు.

మధ్యాహ్నం అల్లుడు బలవంతంగా క్యాంటీన్‌కి తీసుకెళ్ళాడు. ముద్ద దిగలేదు. చుట్టూ ఉన్న ముఖాలు చూస్తూ కూర్చుంది. టీ ఊదుకుంటున్న వార్డుబాయ్, ఫోనులో ఎవరితోనో పోట్లాడుతున్న లావుపాటావిడ, చీమిడి ముక్కు పిల్లాడు. వీళ్ళందరికీ దవడ దవడ చోటికి, చెవి చెవి చోటికి వచ్చాయి. అతుక్కోవలసినవి అతుక్కున్నాయి, చిరగవలసినవి చిరిగాయి. ఎవరూ కాపలా లేకుండా ఇంత పని ఎలా జరిగిపోయిందో! ఆ చీమిడి ముక్కు మీద ఆమెకి అంతులేని గౌరవం కలిగింది. క్రెష్‌లో తను తుడిచిన ముక్కులన్నీ గుర్తొచ్చాయి. విసుక్కుంటూ తుడిచేది.

తిరిగొచ్చేసరికి పిల్లని పసిపిల్లల వార్డుకి మార్చారు. ఒక్కరినే ఉండనిస్తామంటే జోజమ్మ కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, పిల్లని తాకకుండా కూర్చుంది. నర్సు పక్క ఉయ్యాల్లో బిడ్డకి సూది పెడుతోంది. ఇంతలో పిల్ల ఒకసారి కక్కుకోబోయింది, నాలుకతో తోసింది, తడిసిన ప్లాస్టరు ఊడి గొట్టం బయటికొచ్చేసింది. పిల్ల బుద్ధిగా నోరు మూసుకుంది. పక్కనున్న యంత్రం కూత మొదలుపెట్టింది.

నర్సు చేతిలో ఇంకో బిడ్డ నరం ఉంది. వదిలి రాలేదు.

"పెద్దమ్మా, అరికాలు మీద కొట్టండి. ఏడిపించండి దాన్ని!"

 జోజమ్మవి ఏ పిల్లనీ ఏడిపించిన చేతులు కావు. చిన్న పాదం పట్టుకుంది. చిటికెతో కొట్టింది. దెబ్బ తగలలేదు, ముద్దు చేసినట్టయింది. పెదవులు నీలమవుతున్నాయి. పళ్ళ బిగువున మళ్ళీ కొట్టింది, ఈసారి గట్టిగా. పిల్ల ముఖం ముడుచుకుంది, నోరు తెరుచుకుంది, వార్డు దద్దరిల్లింది. ఏడుపు తగ్గబోతే మళ్ళీ కొట్టింది. "ఏడు తల్లీ, ఏడు. ఇంకా ఏడు," అంటూ తనూ ఏడ్చింది. నర్సు వచ్చి కొత్త గొట్టం పెట్టేదాకా ఆ పాదం వదల్లేదు. పాదం ఎర్రగా కందిపోయింది. పెదవులు కూడా ఎర్రగానే ఉన్నాయి.

మర్నాడు ఆపరేషన్ అయింది. ముక్కులోంచే సన్నని పరికరాలు పంపి ఆ పొరని తెరిచారు. దారి మళ్ళీ మూసుకుపోకుండా కొన్ని వారాలు రెండు చిన్న గొట్టాలు ఉంచి, తర్వాత అవీ తీసేశారు. డాక్టరు పిల్లని ఇంటికి పంపుతూ ఇక భయం లేదంది. జోజమ్మ ఆమె చేతులు పట్టుకుంది.  ఆ రెండు చేతులూ కళ్ళకి అద్దుకుని వదిలేసింది.

ఇంట్లో జోజమ్మ పిల్లకి కావలసినవన్నీ చేసింది, ఊరుకోబెట్టడం తప్ప. పిల్ల ఏడుపు అందుకోగానే కూతురికో అల్లుడికో ఇచ్చేసి వంటింట్లోకి వెళ్ళిపోయేది. పక్కింటివాళ్ళు ఇదేం చోద్యమన్నారు. ఏడిస్తే ఊపిరితిత్తులకి మంచిదని కోతలు కోసింది.

ఒక సాయంత్రం కూతురు తిన్నగా వచ్చి ఏడుస్తున్న పిల్లని ఆమె ఒళ్ళో పెట్టింది.

"ఊరుకోబెట్టమ్మా."

"నా వల్ల కాదే. భయం."

"ఆ రోజు నీ చేతుల్లో అంత తొందరగా ఊరుకోబట్టే కదమ్మా తెలిసింది! ఇంటికొచ్చి, మనమంతా నిద్రలో ఉండగా దానంతటది ఊరుకుని ఉంటే?" కూతురు పక్కన కూర్చుంది. "ఆ రోజు గోడవైపు జరుపుకున్నాను. నువ్వు చూశావని నాకు తెలుసు. నీ చేతులవల్లే ఇది దక్కింది."

 జోజమ్మ పిల్లని ఎడమ భుజాన వేసుకుంది. అరచెయ్యి వీపు మీద ఆనించి తట్టడం మొదలుపెట్టింది. మరిచిపోయిందనుకున్న రాగం దానంతటదే వచ్చింది. పిల్ల ఎక్కిళ్ళు పెట్టి, నోరు మూసుకుని, నిద్రపోయింది. గదంతా నిశ్శబ్దమైపోయింది. జోజమ్మ పిల్లని ఒళ్ళోకి దింపుకుని వేలు ముక్కు కింద పెట్టింది. ఇటువైపు వెచ్చగా తగిలింది. అటువైపూ తగిలింది. పెదవులు ఎర్రగా ఉన్నాయి.

అంతలో పక్కగదిలో తాతయ్య గురక అందుకున్నాడు. పిల్ల లేస్తుందేమోనని కూతురు ఆయన్ని తట్టి లేపడానికి వెళ్ళబోయింది. జోజమ్మ కొంగు పట్టుకుని ఆపింది.

"పోనీవే, లేపకు," అంది కళ్ళు తుడుచుకుంటూ. "గాలి ఆడుతోంది కదా."