కిందోళ్ల తూము

మా ఊరి కత్వకు అడుగున ఒక బొక్క ఉండేది. కత్వ అంటే నదికి అడ్డంగ కట్టిన రాతిగోడ, నీళ్లను ఆపి పక్క కాలువలకు మళ్లించేది. మంజీర మీద మా తాతల కంటె ముందటోళ్లు కట్టిండ్రు. ఆ బొక్కకు తలుపు లేదు, పలక లేదు. ఎద్దు తలకాయ పట్టేంత ఉంటది. ఎండకాలం నది ఎంత సన్నబడ్డా ఆ బొక్కలకెల్లి కొన్ని నీళ్లు కిందికి పోవాల్సిందే. కట్టినోళ్లే అట్ల పెట్టిండ్రు. నదికి కింద ఉన్న ఊర్లోళ్ల వంతని దాని పేరు కిందోళ్ల తూము.

ఆరేండ్ల కింద దాన్ని మూసింది నేను.

చాటుగ మూయలే. నూటయాభై మందిని వెంటేసుకొని డప్పులతోని పోయి మూసిన. ఆ ఏడు వానలు ఎగవెట్టినయి. పేపర్ల రోజూ ఒక్కటే రాసుడు, నీళ్లు వృథాగా సముద్రం పాలు అని. నేను పదో తరగతి తప్పినోన్ని. నాకు చదువు చెప్పింది పేపర్లు, కరపత్రాలు. అచ్చయిన మాట గుడ తప్పు కావచ్చని నాకు అప్పటికి తెల్వదు. ‘మన చుక్క మనకే’ అని ఊరి గోడలన్నిటి మీద నేనే రాసిన. నాలుగు బస్తాల సిమెంటు కలిపి తూముల కూరినం. మొదటి గమేళ నా చేతులతోనే పోసిన. పేపర్ల నా ఫొటో వచ్చింది.

తూము మూద్దామని పెట్టిన సభల చెయ్యెత్తనోడు ఒక్కడే, కిష్టప్ప. వాళ్లది నీరటి ఇల్లు. తూములు తెరుసుడు, మూసుడు, పొలాలకు నీళ్ల వంతులు పెట్టుడు తాతల నాటి నుంచి వాళ్ల పని. కిందోళ్లది మనం ముట్టొద్దు అన్నడు ఆయన. నేను అందరి ముందట ఆయనను కిందోళ్ల దలాల్ అన్న. సభంత నవ్వింది.

కత్వకు పైన నీళ్లు నిలిచినయి. మోటర్లు దిగినయి, రెండో పంట వచ్చింది, ఊరు నన్ను నెత్తిన పెట్టుకున్నది. కత్వకు కింద రెండు ఫర్లాంగుల దూరంల కంపెనీల మురికి మోసే వాగు వచ్చి నదిల కలుస్తది. ఇదివరకు తూము నీళ్లు ఆ మురికిని పలచజేసి తోసుకపోయేటియి. ఇప్పుడు తోసేటందుకు ఏం లేదు. నల్లగ, నురుగు కట్టి, మడుగు నిలుస్తది. రెండు ఎండకాలాలల్ల చేపలు ఖతం. కొంగలు రాకడ బంద్. నేను కంపెనీలను తిట్టుకుంట తిరిగిన. తిట్టాల్సిందే. కని సగం పాపం నా నాలుగు బస్తాలదని నాకు తట్టలే.

తట్టించినోడు భీమశంకరం.

నేను పటాన్‌చెరుల ఒక మందుల కంపెనీల బాయిలర్ కాడ పనిచేస్త. పోతిరెడ్డిపల్లి చౌరస్తల పొద్దుగాల కంపెనీ బస్సెక్కుడు, మాపటికి దిగుడు. భీమశంకరం కంట్రాక్టు లేబర్ల వచ్చిండు. మా మంజీర పోయి కలిసేది గోదావరిల, ఆ గోదావరి సముద్రంల కలిసే కాడ వాళ్ల ఊరు. యాభై దాటినయి, నల్లగ సన్నగ ఉంటడు, మాటమాటకు అండి అంటడు. క్యాంటీన్ల గ్లాసు నీళ్లు తీసుకుంటే ముందు నాలుక మీద ఇంత పోసుకొని ఆగుతడు, తర్వాతనే తాగుతడు. ఏందన్నా, విషం కలిపిండ్రా అని నేను మజాక్ చేసిన.

అలవాటండి అన్నడు. వాళ్ల కాడ పొద్దున తియ్యగున్న నీళ్లు మధ్యాహ్నానికి ఉప్పగైతయట. పోటుకు సముద్రం నదిలకు ఎక్కుతది, పాటుకు దిగుతది. పైనుంచి నది తోసినంత కాలం సముద్రం ఒక హద్దు కాడ ఆగుతది. నది తోసుడు తగ్గితే ఉప్పు ఊర్లెకు, బాయిలకు, వరి మళ్లకు నడుసుకుంట వస్తది.

నేను టిఫిన్ డబ్బ మూత గుడ తియ్యలే ఆ దినం.

తర్వాత రోజూ అడిగిన. ఆయన చెప్పుకుంట పోయిండు. రొయ్య పిల్ల, పీత పిల్ల, చేప పిల్ల అన్నీ ఆ ఉప్పు తీపి కలిసిన నీళ్లలనే, మడచెట్ల వేర్ల మధ్యలనే పెరుగుతయట. ఉప్పు ఎక్కువైతే మడ ఎండుతది. వరద ఎర్రనీళ్లు దిగకపోతే పులస చేప నదిల మొఖం పెట్టదు. అట్లని పైన డ్యాములోళ్లు నింపుకొని నింపుకొని ఒక్కసారే గేట్లు లేపినా చావే. ఆయన భార్య బురదల గుల్లలు ఏరి బతికేది. ఒక ఏడు ఒక్క వారంల మీదపడ్డ తియ్యనీళ్లకు గుల్లలన్నీ నోళ్లు తెరిచి చచ్చిపోయినయట.

“ఎక్కువ ఇమ్మని మేం అడగలేదండి,” అన్నడు. “వరదప్పుడు వరద రావాలి. ఎండల్లో కొంచెం రావాలి, రోజూ రావాలి. మా ముత్తాతలకి ఎలా వచ్చాయో అలా.”

కొంచెం, రోజూ. మా తూము చేసిన పని అదే.

నేను మూసిన ముచ్చట ఆయనకు చెప్పిన. ఆయన తిట్టలే. చెయ్యి కడుక్కొని వచ్చి కూసున్నడు. మీకు తెలీదు కదండి అన్నడు. తిడితే బాగుండు.

గప్పుడే ఊర్ల గ్రామసభ పెట్టిండ్రు. కత్వ మూడడుగులు లేపుతరట, ముందట కొత్త కాంక్రీటు పరుస్తరట. అది పడితే తూము ఇగ ఎప్పటికీ తియ్యరాదు. సభ ఒప్పుకోవాలె, వచ్చే ఆదివారం. తూము తెరిచినంకనే కత్వ ముట్టాలె అని నేను అడ్డం నిలబడుదామనుకున్న. వచ్చి మాట్లాడుతవా అని భీమశంకరాన్ని అడిగిన. నాకు మీ సభలో ఏం పనండి అని నవ్విండు. మళ్లీ మళ్లీ అడిగితే సరేనన్నడు.

ఇగ కిష్టప్ప ఇంటికి పోయిన. ఆయన ఇప్పుడు ఒక కంపెనీ గేటుకాడ వాచ్‌మన్. గడపల కూసోని యూనిఫాం అంగీకి గుండీ కుట్టుకుంటున్నడు. కూసో అనలే. నిలబడే చెప్పిన, నాది తప్పైంది మామా, ఆదివారం నాతోని చెయ్యెత్తు అని. ఆయన దారం కొరికి, సూది గోడకు గుచ్చిండు.

“ఆ దినం నేను ఒక్కన్ని, పటేలా. ఇంటికి పోతాంటె పోరగాండ్లు దలాల్ దలాల్ అని ఎంబడి వడ్డరు. ఏడాది దాక కల్లు కాడ నా పక్కన ఎవడు కూసోలే. నువ్వు ఒక్కసారన్న వచ్చినవా?”

రాలే అన్న.

“నీ తప్పు నువ్వు దిద్దుకోవాల్నంటె నేను మల్ల దలాల్ కావాల్నా? నా కొడుకు పాండు ఈ కత్వ నీళ్లతోనే రెండెకరాలు కౌలు జేస్తుండు. నేను చెయ్యెత్త. అడ్డం రాను, ఎత్త.”

అంగీ తొడుక్కొని డ్యూటీకి పోయిండు.

శుక్రవారం కంపెనీకి పోతే భీమశంకరం లేడు. కంట్రాక్టు అయిపోయింది, పన్నెండు మంది గేట్‌పాసులు బంద్ జేసిండ్రు. ఫోన్ చేస్తే స్విచాఫ్. రుద్రారంల కిరాయి ఉన్న రూము కాడికి పోయిన. తాళం. పక్క రూముల ఒడిశా పోరడు ఏదో పని దొరికిందని పోయిండని హిందీల చెప్పిండు. ఏ ఊరికంటే తెల్వదన్నడు. శనివారం దినమంత ఫోన్ చేసుకుంట కూసున్న. ఇంట్ల దీపం పెట్టుడు గుడ యాదిలేదు. పెట్టుమని చెప్పే నా ఇంటామె పోయి నాలుగేండ్లాయె.

ఆదివారం పంచాయతి ముందట షామియాన ఏసిండ్రు. రెండు వందల మంది దాక వచ్చిండ్రు. మా పంచాయతి సెక్రటరీ రవళి, పక్క మండలం పిల్ల, తీర్మానం చదివింది. నేను లేచిన. నాకు ఉపన్యాసం కొత్త కాదు, ముప్పై ఏండ్ల సంది ఇస్తున్న. కని ఎప్పుడు లేచినా నా ఎనక ఎవరో ఒకరు ఉన్నరన్న సోయి ఉండేది. ఆ దినం ఎనక కుర్చీలే ఉన్నయి.

తూము సంగతి చెప్పిన. కింద మడుగు చెప్పిన. నది చివర ఉప్పు ఎట్ల పైకి నడుస్తదో చెప్పిన. మొదలు చెవు పెట్టిండ్రు. తర్వాత ఫోన్లు చూసుకున్నరు. మా సత్తెమ్మ వదిన ముందు వరసల కూసోని, ఏమయ్యా మరిదీ, సముద్రంల చుట్టాలు దొరికిండ్రా అన్నది. అందరు నవ్విండ్రు. ఆరేండ్ల కింద నవ్విన నవ్వే అది. అప్పుడు నేను తెప్పించిన.

ఎనక నుంచి ఒకాయన, మన బొక్కల నీళ్లు సముద్రం దాక పోతయా, నడుమ ఎన్ని డ్యాములున్నయో ఎరుకేనా అని అడిగిండు.

“పోవు,” అన్న. “నిజమే. ప్రతి డ్యాం కాడ ఒకడు లేచి గిదే మాటంటడు. అందుకే పోతలేవు.”

తీర్మానం ఒప్పుకునేటోళ్లు చెయ్యెత్తాలె అన్నది రవళి. చేతులు లేచినయి. కిష్టప్ప ఎత్తలే, ఎనుకకు తిరిగి నడుసుకుంట పోయిండు. వ్యతిరేకం అన్నప్పుడు నేను ఎత్తిన. ఒక్కటే చెయ్యి. దించినంక భుజం నొచ్చింది.

షామియాన విప్పుతున్నరు. రవళి రిజిస్టర్ల ‘ఏకగ్రీవంగా’ అని రాస్తున్నది. ఆపు బిడ్డా అన్న. ఒకరు వ్యతిరేకం అని రాయి, నా పేరు రాయి. సార్, ఒక్కరి కోసం ఎవరు రాయరు, పైన అడుగుతరు అన్నది. అడగనియ్యి అన్న. నేను కదలలే. ఇగ కొట్టేసి రాసింది. ‘జి. ఐలన్న వ్యతిరేకించారు.’

“కారణం రాయాలె సార్.”

దిగువ ఊర్లకు నష్టం అన్న. ఏ ఊరికి అని అడిగింది. భీమశంకరం ఊరికి అన్న. ఆ ఊరి పేరు అడిగింది.

ఆయన రెండుసార్లు చెప్పిండు. ఉప్పు ఎన్ని మైళ్లు ఎక్కుతది, గుల్లలు ఎన్ని దినాలల్ల చస్తయి, అన్నీ నోట్‌బుక్కుల రాసుకున్న. ఉపన్యాసానికి పనికొచ్చేటియి రాసుకున్న. ఊరి పేరు రాసుకోలే. మంజీరకు కిందోళ్లు ఎవరు అని నన్ను ఎవరన్న అడిగితే చెప్పేటందుకు నాకు ఒక్కడే మనిషి ఎరుక, వాని ఊరు నాకు ఎరుకలేదు.

రవళి పెన్ను పట్టుకొని చూస్తున్నది. చివరి బస్సు టైమైతున్నదని గడియారం గుడ చూసుకున్నది.

“నది చివరి ఊరు అని రాయి.”

“అట్ల రాస్తే ఎట్ల సార్? మండలం, జిల్లా ఉండాలె.”

“ఉంటయి. తెలుసుకొని వచ్చి నేనే నింపుత. జాగ ఇడిసి రాయి.”

ఆమె ఒక గీత ఖాళీ ఇడిసింది. నేను సంతకం పెట్టిన. ఫోన్ తీసి మల్ల ఆయన నంబర్ కొట్టిన. స్విచాఫే వచ్చింది.