ఫార్మలిన్ సీసాలు

వీధిలో విరేచనాలు తెచ్చిన పరాన్నజీవి మా పెద్దమ్మ దూడల నుంచే నీళ్ల ట్యాంకులోకి చేరిందని వీధంతా తీర్పు చెప్పేసింది. జన్యురకం చూస్తే అది దూడల నుంచి వచ్చిందో, మనుషుల మురుగులోంచి వచ్చిందో తేలిపోతుందని ఆమెకు ధైర్యం చెప్పింది నేనే. మా ఇంట్లో డిగ్రీ చదివి ల్యాబులో చేరింది నేనొక్కదాన్నే.

ఆసుపత్రి నుంచి రోగుల మల నమూనాలన్నీ ఫార్మలిన్‌లో వచ్చాయి. పాడవకూడదని నర్సమ్మ పాపం జాగ్రత్తపడింది. కానీ ఫార్మలిన్‌లో జన్యురకం చెప్పే డీఎన్ఏ దెబ్బతింటుంది. అయినా పరీక్ష చేశాను, ఏమీ రాలేదు. మళ్లీ నమూనాలు తీసుకుందామంటే అప్పటికే రోగులు కోలుకున్నారు, ట్యాంకు కడిగేశారు.

"మైక్రోస్కోపులో కనపడిందన్నావుగా. దాని మొహం చూస్తే తెలీదూ?" అంది పెద్దమ్మ.

"దూడదైనా మనిషిదైనా దానికి ఒకటే మొహం పెద్దమ్మా."

"అయితే మనిషిదేనని రాసెయ్యవే. ఎవడు చూడొచ్చాడు?"

"అలా రాయకూడదు."



రకం తేలలేదని రాసి సంతకం పెట్టాను. వీధివాళ్ల ఫిర్యాదు మీద మున్సిపాలిటీ లారీ వచ్చిన రోజు పెద్దమ్మే పలుపులు విప్పి దూడల్ని ఎక్కించింది.

వీధివాళ్లు నీళ్లు కాచుకోవడం మానేశారు. మానొద్దని ఇల్లిల్లూ తిరిగి చెప్పాను.

"మీ పెద్దమ్మ దూడలు పోయాయిగా. ఇంకా దేనికమ్మా గ్యాసు దండగ?" అన్నారు.