గజ్జెల కింద ట్యాగ్

విమల జైలు నుంచి బయటికొచ్చి అప్పటికి రెండేళ్లు. ఏడేళ్ల కిందట, ఆడపడుచు మొగుడు ఇచ్చిన సూట్‌కేసు పట్టుకుని లండన్ హీత్రూ ఎయిర్‌పోర్టులో దిగింది. అందులో మత్తుమందు ఉందని తనకు తెలీదని చెప్పినా కోర్టు నమ్మలేదు. పదేళ్లు వేశారు. అయిదేళ్లు లోపల ఉంచి, మిగతా అయిదేళ్లు లైసెన్సు మీద వదిలారు. లైసెన్సంటే మెడకు తాడు కట్టి వదలడమే. ఎక్కడ తేడా వచ్చినా తాడు లాగి మళ్లీ లోపల పడేస్తారు.

ఎయిర్‌పోర్టు పక్కనే హేస్‌లో విమానాలకు భోజనాలు సర్దే వంటశాలలో పని దొరికింది. శనివారాలు మాత్రం ఒక సంస్థ తరఫున వేరే పని చేసేది. జైలు గడప దాకా వెళ్లిన పిల్లలకు, జైలు చూసొచ్చినవాళ్లను తోడుగా పంపుతుంది ఆ సంస్థ. చదువుకున్న ఆఫీసర్ల మాట చెవిన పెట్టని పిల్లలు వీళ్ల మాట వింటారని వాళ్ల లెక్క. విమలకు అప్పగించిన పిల్ల పూజిత.

పూజితకు పదిహేడేళ్లు. హేస్‌లోనే పుట్టింది. వెంట తిరిగిన కుర్రాడు ఇచ్చిన మత్తుమందు పొట్లాలు స్కూలు బ్యాగులో దాచి దొరికిపోయింది. కోర్టు జాలిపడి కాలికి ఎలక్ట్రానిక్ ట్యాగ్ వేసి వదిలింది. సాయంత్రం ఏడు నుంచి పొద్దున ఏడు దాకా ఇల్లు కదలకూడదు. కదిలితే ఇంట్లో పెట్టిన పెట్టె పైవాళ్లకు చెప్పేస్తుంది. అప్పటికే రెండుసార్లు ఆలస్యంగా ఇల్లు చేరింది. మూడోసారి జరిగితే లోపలికేనని కేసు చూసే ఆఫీసరు కాగితం మీద రాసిచ్చింది.

ఆ పిల్ల లోపలికి పోకూడదు. విమలకు ఆ రోజుల్లో ఇంకో కోరిక లేదు.

కాలవ గట్టున బెంచీ మీద కూర్చోబెట్టి అన్నీ చెప్పింది. మొదటి రోజు బట్టలిప్పి వెతకడం, తలుపు అవతల నుంచి పడే తాళం చప్పుడు, పక్క గదిలో పిల్ల తల గోడకేసి కొట్టుకుంటుంటే వింటూ పడుకోవడం. పూజిత చిప్స్ తినడం ఆపేసి వినేది. ఇంటికెళ్లేటప్పుడు విమల చెయ్యి గట్టిగా పట్టుకునేది. పిల్ల దారికొచ్చిందని విమల మురిసిపోయింది.

పూజిత తల్లి ఆదిలక్ష్మికి మాత్రం విమలను చూస్తే ఒళ్లంతా జలదరించేది. పక్కింటివాళ్లు అడిగితే, "లెక్కల ట్యూషన్ ఆంటీ" అని చెప్పేది. వెనక గేటు నుంచి రమ్మనేది. విమల తాగిన గ్లాసు పంపు కింద విడిగా పెట్టేది. విమల చూసీ చూడనట్టు ఊరుకుంది. పిల్ల కోసం.

రెండువేల పద్నాలుగు ఉగాది వెళ్లిన వారం. ఆదివారం పొద్దున్నే ఆదిలక్ష్మి, మొగుడు పార్థసారథి విమల ఉండే కౌన్సిల్ ఫ్లాటుకొచ్చారు. ఆ గడప తొక్కడం వాళ్లకదే మొదటిసారి. కాఫీ ఇస్తే ముట్టుకోలేదు.

"విమలగారూ, అంతా మీ చేతుల్లో ఉందండీ," అన్నాడు పార్థసారథి.

"ఏముంది నా చేతుల్లో?"

"నిన్న మిమ్మల్ని రావద్దన్నది ఇందుకేనండీ. లీసెస్టర్‌లో ఉగాది ఫంక్షన్. అమ్మాయి కూచిపూడి ఉంది. రెండింటికి మొదలన్నారు. మూడో ఐటెం మనదే. నాలుగింటికి బయల్దేరినా ఏడులోపు వచ్చేస్తాం కదా అని..."

"మనవాళ్లు రెండింటికంటే రెండింటికే మొదలెడతారని నమ్మారా?"

"చీఫ్ గెస్ట్ లేటండీ. ఆయనొస్తే గానీ దీపం వెలిగించలేదు. అయిదున్నరకి స్పీచ్ మొదలెట్టాడు."

"లేచి వచ్చెయ్యాల్సింది!"

"ఎలా వస్తాం?" ఆదిలక్ష్మి అందుకుంది. "ఏటా ఆడే పిల్ల ఈసారి ఆడకపోతే అందరూ ఏమనుకుంటారు? అమ్మాయి కనబట్టం లేదేంటని తెలుగు సంఘం నిర్మలాదేవిగారు ఇప్పటికే రెండుసార్లు ఆరా తీసింది."

"మరి కాలికి ట్యాగో?"

"దానిమీదే గజ్జెలు కట్టేశాం. పైజమా కప్పేసింది. ఒక్కరికంటే ఒక్కరికి తెలిస్తే ఒట్టు." ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ మొహం వెలిగిపోయింది.

ఇల్లు చేరేసరికి తొమ్మిదైంది. పెట్టె చెప్పాల్సింది అప్పటికే చెప్పేసింది.

"బుధవారం ఆఫీసరు పిలిచింది," అన్నాడు పార్థసారథి. "అమ్మాయి నిన్న మీతో ఉందని చెప్పండి. మీరే ఎక్కడికో తీసుకెళ్లి లేటు చేశారని."

"ఉన్నదున్నట్టు చెబుదాం. తీసుకెళ్లింది మీరు. తప్పు మీదని ఒప్పుకుంటే పిల్లను వదుల్తారు. నేనూ చెప్తాను."

"నాది పోలీసు క్లియరెన్స్ ఉండాల్సిన ఉద్యోగమండీ. కోర్టు ఆర్డర్ తప్పించానని రాస్తే పోతుంది."

"నాకు లైసెన్సుంది. నేనలా చెబితే లోపలేస్తారు."

ఆదిలక్ష్మి లేచి చీర కుచ్చెళ్లు సర్దుకుంది. "మీకు కొత్తేం కాదుగా," అంది.

విమల తలుపు తీసి నిలబడింది. వాళ్లు వెళ్లిపోయారు.

మర్నాడు పనిలో, ట్రేలు సర్దుతూ పుష్పలీల ఫోను చూపించింది. "లీసెస్టర్ ఫొటోలు చూశావా? ఈ పిల్ల ఎంత చక్కగా ఆడిందో!" స్టేజి మీద పూజిత. వెనక బ్యానరు మీద ఫంక్షన్ పేరు తేదీతో సహా ఉంది. విమల ఆ ఫొటో తన ఫోనులోకి పంపించుకుంది. తనకిక భయం లేదనుకుంది.

బుధవారం ఆఫీసరు విమలను కూడా పిలిపించింది. గదిలో అయిదుగురు కూర్చున్నారు. విమల నోరు తెరిచేలోపే ఆదిలక్ష్మి ఏడుపు అందుకుంది. వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది. ఈవిడే పిల్లను తీసుకెళ్లిందనీ, ఎక్కడికో చెప్పలేదనీ, జైలుకెళ్లొచ్చిన మనిషని తెలిసీ సంస్థను నమ్మి అప్పగించామనీ. పార్థసారథి తల వంచుకుని గోళ్లు చూసుకున్నాడు.

ఆఫీసరు పూజిత వైపు తిరిగింది. "నిజమేనా?"

పూజిత విమల కళ్లలోకి సూటిగా చూసింది. "యెస్. విమల ఆంటీ టుక్ మీ."

విమల చెయ్యి హ్యాండ్‌బ్యాగులో ఫోను మీదికి పోయింది. బయటికి తీస్తే చాలు. తను బతికిపోతుంది. ఆ పిల్ల మాత్రం గీత దాటడమే కాక ఆఫీసరు ఎదుట అబద్ధం కూడా ఆడినట్టవుతుంది. ఇక కోర్టు దాని మొహం కూడా చూడదు.

"విమలా, నువ్వు చెప్పు," అంది ఆఫీసరు.

విమల ఫోను వదిలేసింది. "నిజమే," అంది.

ఆఫీసరు కాగితం మీద రాసుకుంది. బాధ్యత గల మనిషే ఆలస్యం చేసింది కాబట్టి పిల్ల తప్పు లేదంది. విమల సంగతి మాత్రం పైకి తెలియజేయక తప్పదంది.

బయట నడవాలో పూజిత ఒక్కతే నిలబడి ఉంది. తల్లీ తండ్రీ కారు దగ్గరికెళ్లారు.

"ఎందుకే అమ్మాయ్?" అంది విమల.

"యూ టోల్డ్ మీ వాట్ ఇట్స్ లైక్, ఆంటీ. ఐ కాంట్." పిల్ల గొంతులో వణుకు లేదు. తల్లి హారన్ కొట్టింది. పూజిత కారు వైపు వెళ్లిపోయింది.

లోపల ఎలా ఉంటుందో తను చెప్పిందంతా ఆ పిల్ల బుర్రకెక్కింది. ఎక్కాల్సినదానికంటే బాగా ఎక్కింది.

వారం తిరక్కుండా ఇద్దరు పోలీసులు వంటశాలకొచ్చారు. ట్రేల వరస ఆగిపోయింది. నెత్తిన వలటోపీ తీసే వ్యవధి కూడా ఇవ్వకుండా విమలను తీసుకెళ్లారు. "ఏం చేసిందంట?" అని ఎవరో అడిగితే, "పిల్లల్ని పాడుచేస్తోందంట," అంది పుష్పలీల. ఆ మాట ఆవిడ దాకా ఎవరు మోసుకొచ్చారో గానీ అంతలోనే చేరిపోయింది. సంస్థ విమల పేరు కొట్టేసింది. ఆదిలక్ష్మి పక్కింటివాళ్లతో, "లెక్కల్లో అమ్మాయి బాగా పికప్ అయింది, ట్యూషన్ మానిపించేశాం," అని చెప్పింది.

జైలు గేటు దగ్గర బెంచీ మీద ఓ పిల్ల వెక్కివెక్కి ఏడుస్తోంది. పద్దెనిమిదో పంతొమ్మిదో ఉంటాయి. మొదటిసారి రావడమని చూడగానే తెలుస్తోంది. వార్డరు విమల కాగితాలు తిరగేసింది.

"బయట పిల్లలకు తోడుండేదానివని రాసుంది. దాని పక్కన కాసేపు కూర్చుని రెండు మాటలు చెప్పరాదూ?"

"వద్దు," అంది విమల.

బెంచీకి అవతలి కొసకు జరిగి, గోడవైపు తిరిగి కూర్చుంది.