ఎవరి ఎడమ?

డ్రైవింగ్ మాస్టారు చుట్టుపక్కల సగంమందికి కారు నేర్పారు, కట్టుకున్న భార్యకు తప్ప. "మా ఆవిడకు కుడి ఎడమలు తెలియవండీ" అని పన్నెండేళ్లుగా పదిమందిలో చెప్పి నవ్వించడం ఆయనకు సరదా. మొదట్లో ఆవిడా నవ్వేది. ఈమధ్య ఆ మాట వింటే ఒళ్లు మండుతోంది.

ఆ ఉదయం డ్రైవింగ్ స్కూలు కారుకు ఒక హెడ్‌లైటు వెలగలేదు. మధ్యాహ్నం మూడింటికి రవాణా శాఖ తనిఖీ. మాస్టారు భార్యను స్విచ్చి వేయడానికి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, తాను కారుకు ఎదురుగా నిలబడి, "ఎడమది పోయింది" అని తేల్చేశారు. స్టీరింగు కింద ఫ్యూజుల పెట్టె తెరిచి, మూత మీది బొమ్మ చూసి, ఎడమ లైటు ఫ్యూజు లాగారు. అందులో తీగ నిక్షేపంలా ఉంది. మళ్లీ పెట్టేశారు.

"ఫ్యూజు కాదు, బల్బే!"

కొత్త బల్బు తెచ్చి బిగించారు. వెలగలేదు. బల్బు అమ్మినవాణ్ణి తిట్టారు. కారు తయారుచేసినవాళ్లను తిట్టారు. కనబడని ఎలుకలను కూడా వదల్లేదు. ఆయన "వెయ్", "తియ్" అన్నప్పుడల్లా వేస్తూ తీస్తూ ఆవిడకు విసుగెత్తిపోయింది. అప్పుడు ఎదురుగోడ మీదికి చూపు పోయింది. వెలుగు తనకు ఎడమవైపే పడుతోంది.

"ఏమండీ, మీరన్నది ఎవరి ఎడమ?"

"ఎడమంటే ఎడమే! నీకు చెప్పినా అర్థం కాదు."

"నేను వెలిగిస్తే నాకు కారు నేర్పుతారా?"

"నువ్వా? ఇవాళే నేర్పుతా!" పక్క కొట్టు టైలరుకు వినబడేలా నవ్వారాయన.

ఆవిడ వంగి కుడి లైటు ఫ్యూజు లాగింది. తీగ తెగి నల్లబడింది. మూతలో దాచిన స్పేరు ఫ్యూజుల్లో అదే రంగుది, అదే నంబరుది తీసి నొక్కి, స్విచ్చి వేసింది. గోడ మీద రెండు వెలుగులు పడ్డాయి. టైలరు మిషను ఆపి మరీ చూశాడు.

"కారు కుడి, ఎదురుగా నిలబడ్డ మీకు ఎడమ అవుతుంది కదండీ" అంది ఆవిడ నెమ్మదిగా. పన్నెండేళ్ల మంట ఒక్కసారిగా చల్లారినట్టయింది.

మాస్టారు చేతులు తుడుచుకుంటూ వచ్చి, అలవాటుగా డ్రైవరు తలుపు తీశారు. ఆవిడ కదల్లేదు.

"తనిఖీకి ఇంకా నాలుగు గంటల టైముంది. మీరు అటు తిరిగొచ్చి ఎడమవైపు కూర్చోండి, మాస్టారూ."

ఆయన రెండడుగులు వేసి ఆగారు. "ఎడమంటే..."

"నా ఎడమ."